పరుపు ముట్టుకోని పొద్దు

హైదరాబాద్, పాతబస్తీ
ఆషాఢం, ముసురు పట్టిన ఉదయం

మా అక్కకు,

నీ చెల్లె స్వరూప రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. నేను మంచిగా ఉన్నాను. వేళకు తింటున్నాను, జ్వరం లేదు, జలుబు లేదు. నీ నడుం నొప్పి ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా, వాన సాకు చెప్పి ఎగ్గొడుతున్నారా? అందరి సంగతీ రాయి.

ముందే ఒక మాట. నా ఉద్యోగం పోలేదు. ఫికర్ పడకు. ఫోన్‌లో చెబితే సగంలోనే "మళ్ల లొల్లి పెట్టుకున్నవా?" అంటావు. ఉత్తరానికి అడ్డం రాలేవు కదా, అందుకే రాస్తున్నాను.

ఈ మందపాటి కాగితం చూసి జడుసుకోకు. హోటల్ వాళ్లది. గెస్టులు రాసుకోవడానికి గదిలో బల్ల మీద పెట్టారు. ఇవాళ పన్నెండింటి దాకా నేను గెస్టును. నవ్వు, పర్వాలేదు. నేను కూడా నవ్వాను.

మా హోటల్ ఇంకా తెరవలేదు. ఎవరో నవాబు కాలం నాటి దేవిడి, పెద్ద పాత బంగళా ఇది. పన్నెండు గదులు, నడుమ వాకిలి, వాకిట్లో రెస్టారెంటు. తెరిచే ముందు పనివాళ్లలో ఒక్కొక్కరూ ఒక రోజు గెస్టుగా ఉండాలి. మిగతావాళ్లు ఆ గెస్టుకు సేవ చేయాలి. మా మీద సూపర్‌వైజర్ నస్రీన్ మేడమ్ నోటుబుక్కు పట్టుకొని వెనకే తిరుగుతూ మార్కులు వేస్తుంది. మార్కులు వచ్చినవాళ్లు పక్కా, రానివాళ్లు ఇంటికి. బట్టల దుకాణంలో, ఆసుపత్రి క్యాంటీన్‌లో నా నోటి వల్ల పని పోయింది. ఇక్కడ నోరు మూసుకుంటానని నీ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అది మరిచిపోలేదు.

నిన్న నా వంతు వచ్చింది.

అక్కా, ఆ గది ఎట్లా చెప్పాలి! రోజూ నేనే తుడిచే గది, కానీ తుడిచే మనిషికి గది కనబడదు, మూలలే కనబడతాయి. నిన్న మొదటిసారి పైకి చూశాను. కిటికీ మీద కమానులో రంగు అద్దాలున్నాయి. మబ్బు తొలగినప్పుడల్లా ఎరుపు ముక్క, పచ్చ ముక్క తెల్ల దుప్పటి మీదికి దిగి, మెల్లగా పాకి, నా అరచేతిలో వచ్చి కూర్చున్నాయి. గుప్పిట మూస్తే గుప్పిట మీదికెక్కాయి. బయట పావురాలు గొణుగుతున్నాయి. ఎక్కడో బోనాలకు డప్పులు సరిచేసుకుంటున్నారు. జ్వరమొస్తే తప్ప పగలు పడుకోవడం మనకు తెలియదు కదా. నేను పడుకున్నాను. పరుపు నీళ్లలాగా పక్కకు జరిగి నన్ను లోపలికి తీసుకుంది. కలలో నేను చెరువు మీద తేలుతున్నాను. గట్టు మీద నువ్వు బీడీలకు తునికాకు కోస్తున్నావు. నీ కత్తెర చప్పుడు కిర్రు కిర్రుమని వినబడుతోంది. ఎంత హాయిగా ఉందో! లేచి చూస్తే ఏసీ చప్పుడు.

లేవగానే ఎదురుగా గోడ మీద చాట. అవును, చాటే. నువ్వు ఒళ్లో పెట్టుకొని పొద్దంతా బీడీలు చుట్టే చాట లాంటిదానికి మేకు కొట్టి, పైన లైటు పెట్టారు. అందమట! మరి మా అక్క నడుం నొప్పిని ఏ గోడకు వేలాడదీస్తారని కిందికి దిగి అడగాలనిపించింది. అడగలేదు. ఒట్టు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం రెస్టారెంటులో కూర్చోబెట్టారు. పళ్లెం చెరువంత, నడుమ బగారన్నం దీవంత, పక్కన చిన్న గిన్నెలో దాల్చా. రోజూ నా బిస్కెట్లు దొంగిలించే ఇమ్రాన్ చేతులు వెనక్కి కట్టుకొని "మ్యామ్, ఇంకేం తెమ్మంటరు?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నీళ్లు తెచ్చుకుందామని లేచాను. వాడు పళ్లు బిగించి, "అరే బైఠో నా! నువ్వు లేస్తే నా మార్కులు కట్ అయితయి" అన్నాడు. కూర్చున్నాను. ఆ మాట అప్పుడే బుర్రకెక్కి ఉంటే బాగుండేది.

ఇక యాదమ్మత్త సంగతి. యాకుత్‌పురాలో నేను కిరాయికి ఉండే ఇల్లు ఆమెదని చెప్పాను కదా. పది బర్రెలను సాకి గల్లీ అంతటికీ పాలు పోసిన మనిషి. బర్రెలు పోయాయి, కొట్టం మిగిలింది. ఆ కొట్టమే ఇప్పుడు నా గది. ఇద్దరం ఒకేసారి ఈ హోటల్లో చేరాము. ఇంట్లో నన్ను కాలితో తన్ని లేపే మనిషికి నిన్న నా గదిలో డ్యూటీ. నేను భోజనం చేసి గదికి రాగానే ఆమె మోకాళ్ల మీద కూర్చొని నా కాళ్ల ముందు చెప్పులు పెట్టింది. ఆమె మోకాళ్లు టక్కుమన్నాయి. ఇంటి మెట్లు గోడ పట్టుకొని ఎక్కుతుంది, నాకు తెలుసు. ఇక ఈమె చేత ఏ పనీ చేయించుకోవద్దనుకున్నాను.

నాలుగింటికి గెస్టు కిందికి పోయి చాయ్ తాగాలి. ఆలోపు పనిమనిషి గది సర్దాలి. నేనేం చేశానో తెలుసా? పోయే ముందు నేనే దుప్పటి బిగించి పరిచాను. తువ్వాళ్లు మడిచాను. బాత్‌రూమ్ నేల తుడిచాను. చాలా మంచిపని చేశాననుకొని చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకొని తిన్నాను.

ఐదింటికి నస్రీన్ మేడమ్ గది చూసింది. "వాహ్ యాదమ్మా, క్యా హాత్ హై!" అని ఆమె చేతిపనిని మెచ్చుకుందట. యాదమ్మత్త ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"నేను చెయ్యలే మేడమ్. నేను వచ్చేసరికే గిట్ల ఉండె."

"మరి ఎవరు చేసిన్రు?"

"నాకు తెల్వదు."

నా పేరు చెప్పలేదు. మేడమ్ నోటుబుక్కులో ఆమెకు సున్నా పడింది. తెల్లారి నుంచి రానక్కర్లేదంది. ఇదంతా ఇమ్రాన్ చెప్పాడు.

సాయంత్రం ఆమె మంచినీళ్ల సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇంకేమన్న కావాలా, మేడమ్?"

"అత్తా, కోపమొచ్చిందా?"

"గెస్టుల మీద కోపమేంది?" అని తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "మోకాళ్లు నావి, నొప్పి నాది. నిన్ను అడిగిన్నా? పది బర్రెలను సాకిన దాన్ని, ఒక్క పరుపు పరవలేనా? నా చేతిల పని గుంజుకొని నా మీదనే జాలి చూపిస్తవా? చాలు తియ్."

అక్కా, నన్ను చాలామంది తిట్టారు. అందరికీ తిరిగి ఇచ్చాను. ఈ తిట్టు మాత్రం నాతోనే పరుపెక్కింది. అంత మెత్తటి పరుపు మీద రాత్రంతా నాకు గడ్డి మీద పడుకున్నట్టే ఉంది.

ఇవాళ తెల్లారగానే మేడమ్ దగ్గరికి పోయాను.

"నిన్న పరుపు పరిచింది నేను. తప్పు నాది. ఆమెకు ఇంకోసారి చాన్స్ ఇయ్యండ్రి."

"గెస్ట్ అయి గెస్ట్ మీదనే కంప్లైంట్ ఇస్తున్నవా? పాగల్!" అంది. కాసేపు నోటుబుక్కు తిరగేసింది. "ఆమె సున్నా కొట్టేస్తే అది నీ పేరు మీద రాయాలె. నీ ట్రయల్ ఇంకో నెల పెరుగుతది. మంజూరా?"

ఈ నెల పక్కా అయిపోతానని నీకు ఎంత గొప్పగా చెప్పుకున్నానో గుర్తొచ్చింది. "రాసుకోండ్రి" అన్నాను. గొంతు పెంచలేదు. అరవకుండా కొట్లాడడం నాకు ఇదే మొదటిసారి.

మేడమ్ ఫోన్ చేసి యాదమ్మత్తను పిలిపించింది. నాకు పెట్టిన షరతు ఒక్కటే. ఆమె పని చేస్తున్నంతసేపూ కుర్చీలోంచి లేవొద్దు, దేన్నీ ముట్టొద్దు.

పరుపంతా నేనే చెరిపి, కిటికీ పక్క కుర్చీలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను. మేడమ్ తలుపు దగ్గర నిలబడింది. యాదమ్మత్త వచ్చింది. నా ముఖం చూడలేదు. దుప్పటి కొసలు పట్టి ఒక్క విసురు విసిరింది. అది గాలిలో ఆగింది. అప్పుడే మబ్బు తొలగి, రంగు అద్దాల వెలుగు దాని కడుపులోకి దూరింది. ఆ తర్వాత కాగిన పాల మీద మీగడ కట్టినట్టు, తొందర లేకుండా దిగి పరుచుకుంది. ఒక మూల ఊడింది. నా చెయ్యి తొడ కింద ఎగిరింది. నొక్కి పట్టాను. ఆమె మళ్లీ చుట్టూ తిరిగి వచ్చింది. మోకాళ్లు టక్కుమన్నాయి. ఆగింది, ఊపిరి తీసుకుంది, మూల బిగించింది.

"కాళ్లు మీదికి పెట్టుకోండ్రి మేడమ్, కింద తుడవాలె."

ఎత్తాను. బండలు మోయడం ఇంతకన్నా సులువు. కానీ అప్పుడు ఆమె ముఖం చూశాను. బర్రె డొక్కకు చెంప ఆనించి పాలు పిండేటప్పుడు ఆమె ముఖం ఇట్లాగే ఉండేదేమో. లోపల ఏదో వింటున్నట్టు. ఆ ఇంట్లో ఉండి కూడా ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఎట్లా చూస్తాను? ఎప్పుడూ ఎదుటి మనిషి చేతిలో పని గుంజుకునే తొందరలోనే ఉంటాను.

మేడమ్ దుప్పటి మీద అరచెయ్యి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగి చూసింది. "పక్కా" అని రాసుకుంది.

యాదమ్మత్త పోతూ పోతూ నా చెవి దగ్గర వంగి, "గెస్టువు పన్నెండింటి దాకనే. పొద్దుమూకినంక గిన్నెలన్ని నువ్వే తోముతవ్, యాది పెట్టుకో" అంది. కళ్లు నవ్వుతున్నాయి.

ఇదీ సంగతి. నాకు ఇంకో నెల ట్రయల్, అంతే. నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. మన ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే చింతకాయ తొక్కు పంపు, కారం కొంచెం ఎక్కువే వెయ్యి. యాదమ్మత్తకు కూడా కావాలట. బావకు దండాలు, మేనత్తకు నా పేరు చెప్పి కాళ్లు మొక్కు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు.

పోయిన బతుకమ్మకు వచ్చినప్పుడు నీకు విశ్రాంతి అని నీ ఒళ్లోంచి చాట గుంజుకున్నాను, గుర్తుందా? "నాది నాకు ఇయ్యి" అని నువ్వు కసిరావు. నేను రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. ఈసారి గుంజుకోను. నీ పక్కన కూర్చుంటాను. అడిగితే దారం అందిస్తాను. అడగకపోతే చేతులు నా ఒళ్లోనే పెట్టుకొని, నువ్వు చుట్టేది చూస్తాను.

నోరు కొంచెం, చేతులు కొంచెం అదుపులో పెట్టుకుంటున్న
నీ చెల్లె,
స్వరూప