పిల్లలతో వస్తే చూడవలసినవి

ప్రియమైన అక్కకి,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ ఉన్నాం. క్షేమం అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది గానీ, ఒంట్లో మాత్రం ఇద్దరికీ బాగానే ఉంది. వేళకింత తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం. మీరంతా కులాసాగా ఉన్నారని చదివాక కాస్త మనసు కుదుటపడింది. ఆపరేషన్ అయిన నడుంతో బావ మళ్ళీ షాపులో పెట్టెలు ఎత్తుతున్నాడని రాశావు. గట్టిగా నాలుగు తిట్టు. నా పేరు చెప్పి ఇంకో నాలుగు తిట్టు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఇంత ఆలస్యం చేసినందుకు కోపం వచ్చే ఉంటుంది. ఫోన్ చేద్దామా అంటే మా క్వార్టర్స్ సంగతి నీకు తెలిసిందేగా. ఉన్నది ఒక్క గది, దానికి అతికించినట్టు ఇంత వంటిల్లు. ఏం మాట్లాడినా అత్తయ్య చెవిన పడుతుంది. అందుకని పార్కు గేటు దగ్గర మా సమాచార కౌంటర్లో కూర్చుని, జనం పలచబడినప్పుడల్లా నాలుగేసి ముక్కలు రాస్తున్నాను. మధ్యలో ఎవరైనా వస్తే ఆపి మళ్ళీ మొదలుపెడుతున్నాను. అందుకే అక్షరాలు ఒక చోట గుండ్రంగా, ఒక చోట కోడి గెలికినట్టు ఉంటాయి.

ముందు నీ మొదటి ప్రశ్న. టికెట్లు మా ఆయన ఉన్నప్పుడే మీరు తీసుకున్నారు, పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు, కానీ ఇలాంటప్పుడు సరదాగా తిరగడానికి రావడం ఏం బాగుంటుంది అని బావ వెనకాడుతున్నాడన్నావు. రండి అక్కా. బాగుండడం, బాగుండకపోవడం అన్నీ దాటిపోయాయి. అప్పుడు నువ్వు రాలేకపోయావని ఇంకా బాధపడుతున్నట్టున్నావు. బావ ఆసుపత్రి మంచం మీద, ఇక్కడ మంచుకి దారులన్నీ మూత. రెక్కలు కట్టుకుని వస్తావా ఏమిటి? ఆ మాట ఇక ఎత్తకు.

మా దగ్గర దిగకండి. చోటు చాలకని కాదు, ఎందుకో తరవాత చెబుతాను. కింది గేటు దగ్గర చెక్క గదులు అద్దెకిస్తారు, అక్కడ దిగండి. మొదటి రోజు ఎక్కడికీ వెళ్ళొద్దు. ఈ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలి. నీళ్ళు బాగా తాగించు. ఎవరికైనా తల పట్టేసినట్టుంటే మొహమాటం లేకుండా కిందికి దిగిపోవాలి, అంతే. ఒకటే మందపాటి కోటు కాకుండా పలచటి బట్టలు ఒకదాని మీద ఒకటి వెయ్యి. పొద్దున చలి, పదింటికి చెమట, మధ్యాహ్నం దాటితే వడగళ్ళు. ఇక్కడి ఆకాశాన్ని నమ్మడానికి లేదు. మధ్యాహ్నం భోజనం వేళకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి.

రెండో రోజు పొద్దున్నే సరస్సుకి తీసుకెళ్ళు. ఎండ ముదిరితే గాలి లేస్తుంది, గాలి లేస్తే నీళ్ళలో కొండ కనపడదు. ఆ కొండ తలకిందులుగా కనపడడం చూడడానికే అందరూ వచ్చేది. చుట్టూ చెక్కబాట వేశారు కాబట్టి బావ నడుముకి ఇబ్బంది ఉండదు. పచ్చిక మైదానంలో పూలు ఇప్పుడిప్పుడే విచ్చుకుంటున్నాయి, మీరొచ్చేసరికి నిండుగా ఉంటాయి. చిన్నది కోస్తానంటుంది, కొయ్యనివ్వకు. మా కాపలావాడికి జాలి అనేది పుట్టుకతోనే లేదు, పిల్లలకి కూడా జరిమానా రాస్తాడు. ఎలుగుబంటి కనపడుతుందా అని అడిగింది కదా, కనపడదని చెప్పు. దాని బదులు కుందేలంత బొద్దుగా, ఉడుత మొహంతో ఒక జంతువు ఉంటుంది. మనుషుల్ని చూడగానే వెనక కాళ్ళ మీద నిలబడి ఈల వేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవడో పోకిరీ అనుకుని నేను వెనక్కి తిరిగి తిట్టాను. అది చూసి నవ్వీ నవ్వీ ఆయనకి పొలమారింది. పెళ్ళయిన కొత్త. ఆ ఈల వింటే పిల్లలు ఆగి వెనక్కి నడవాలి, దగ్గరికి వెళ్ళకూడదు, బిస్కెట్లు వెయ్యకూడదు.

కేబుల్ కారు కూడా ఎక్కించు. జలపాతం వెనక నుంచి నడిచే దారి ఉంది, అందరూ తడుస్తారు, పిల్లలకి అదే బాగా నచ్చుతుంది. కొండమేకల్ని చూడాలంటే దూరదర్శిని కౌంటర్లో ఇస్తాం, నేనే ఇస్తాను.

పెద్దది వేరే కాగితం మీద నాకు విడిగా రాసింది, నువ్వు చూశావో లేదో. "పిన్నీ, బాబాయి మమ్మల్ని తాడు కట్టి మంచు మీద నడిపిస్తానన్నాడు. నా షూస్ కొలత కూడా తీసుకున్నాడు. పైన క్యాంపు నుంచి ఎప్పుడు దిగి వస్తాడు?" అని.

దానికి ఏం రాయాలో తెలియకే ఇన్ని రోజులు ఆగాను. నీ ప్రశ్నా అదేగా. ఆచూకీ ఏమైనా తెలిసిందా, ఇంకా వెతుకుతున్నారా అని.

వెతకడం లేదక్కా. ఆచూకీ తెలిసింది. తెలిసి చాలా రోజులైంది.

ఆ రోజు ఏం జరిగిందో నీకు సగమే చెప్పాను. సీజన్ మొదలవకముందు, యాత్రికులు నడిచే దారి పొడుగునా మంచులో కర్రలు పాతాలి. ఆయనా, తోటి గైడు పొడుగాయనా కలిసి వెళ్ళారు. ఇద్దరూ ఒకే తాడు కట్టుకున్నారు. సగం దూరం వెళ్ళాక కర్రల సంచి ఒకటి వెనకే మర్చిపోయామని గుర్తొచ్చింది. "ఇప్పుడేగా దాటొచ్చాం, నేను తెస్తా" అని ఈయన తాడు విప్పేసి వెనక్కి నడిచాడట. ఇప్పుడే దాటిన చోటే. ఇద్దరి అడుగులూ స్పష్టంగా కనిపిస్తున్న చోటే. మంచులో పెద్ద పెద్ద చీలికలుంటాయి, వాటి మీద కొత్త మంచు మూతలా పేరుకుంటుంది. ఇద్దర్ని మోసిన ఆ మూత మూడోసారి మొయ్యలేదు. పొడుగాయన వెనక్కి తిరిగేసరికి మనిషి లేడు. కేక కూడా వినపడలేదంటాడు.

తరవాత మంచుతుఫాను. అది తెరిపిచ్చాక రెస్క్యూ టీము వాళ్ళు చీలికలన్నీ గాలించారు. ఒకరోజు పొద్దున వాళ్ళ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు, వెనక పొడుగాయన. పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నాకు తెలిసిపోయింది.

"కెమెరా దింపాం అమ్మా. కనిపించాడు," అన్నాడు.

అత్తయ్య వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చింది. "ఎలా ఉన్నాడు?"

"ఎరుపు కోటు కనిపించిందమ్మా. కదలిక లేదు. చాలా లోతు. అడుగున మనిషి పట్టనంత ఇరుకు, పైన ఎప్పుడు విరిగి పడతాయో తెలియని మంచు పెళ్ళలు. మా వాళ్ళని దింపలేను. నన్ను క్షమించండి."

"నేను దిగుతా," అన్నాడు పొడుగాయన గుమ్మంలోంచి. "మీ టీముతో నాకు పని లేదు. నా తాడుంది, నేను దిగుతా."

"నువ్వు దిగితే నీ కోసం ఇంకొకణ్ణి దింపాలి. బుద్ధుందా?"

పొడుగాయన ఆయన వైపు చూడనేలేదు. నా వైపు తిరిగాడు. "వదినా, మీరు ఊఁ అనండి. ఒక్క మాట. రేపీపాటికి పైకి తెస్తాను."

అత్తయ్య వెళ్ళి అతని చేతులు రెండూ పట్టుకుంది. "దిగు నాయనా. నా బిడ్డని ఆ చలిలోంచి పైకి తీసుకురా. నీ మేలు మర్చిపోను."

నాకూ కావాలనే ఉంది అక్కా, అబద్ధం ఎందుకు. ఒక్కసారి మొహం చూడాలని, చెయ్యి పట్టుకోవాలని నాకు మాత్రం లేదా? అప్పుడు కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద పొడుగాయన భార్య నిలబడి ఉంది. కంచె కమ్మీ పట్టుకుని ఉంది. లోపలికి రాలేదు, నా వైపు చూడలేదు, నేల చూస్తోంది. వచ్చి బతిమాలుకుని ఉంటే నాకు కోపమైనా వచ్చేదేమో. ఏమీ అడగలేదు.

"వద్దు. ఎవరూ దిగొద్దు," అన్నాను.

"వదినా..."

"వద్దన్నానా! ఇంటికెళ్ళు."

అతను చెప్పుల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దాయన నా ముందు తల వంచి వెళ్ళిపోయాడు. వాళ్ళు వెళ్ళాక అత్తయ్య నన్ను చూసి ఒకే మాట అంది. "నీకింకో మొగుడు దొరుకుతాడు. నాకింకో కొడుకు దొరకడు."

నేను వెళ్ళి తలుపు వేశాను.

ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట మానేసింది. వండుతుంది, పళ్ళెంలో పెట్టి బల్ల మీద పెడుతుంది. ఆ పళ్ళెం చప్పుడే పిలుపు. నేను తిని, కడిగి, బోర్లిస్తాను. ఒకే గదిలో ఇటు గోడకి నేను, అటు గోడకి ఆవిడ. ఆయన బట్టలు నేను మడత పెడితే ఆవిడ మళ్ళీ విప్పి తన మడత పెడుతుంది. మీరు వచ్చి ఆ గదిలో కూర్చుంటే పిల్లలు భయపడతారు. అందుకే కింద దిగమన్నాను.

నేను పనిలోకి వచ్చేశాను. రాకపోతే ఏం చెయ్యను? మూసిన మంచుదారిని పక్కకి జరిపి, కొత్త కర్రలు పాతి మళ్ళీ తెరిచారు. "మంచు మీద నడక ఎక్కడండీ?" అని రోజూ అడుగుతారు. మ్యాపు మీద వేలు పెట్టి చూపిస్తాను. "ప్రమాదమేమీ లేదుగా?" అంటారు. "గైడు ఎక్కడ అడుగేస్తే అక్కడే వెయ్యండి, తాడు మాత్రం విప్పొద్దు," అంటాను. అంతవరకే నా డ్యూటీ.

మొన్న కౌంటర్ ముందు బారుగా జనం ఉన్నారు. తల వంచుకుని టికెట్లు చింపి ఇస్తూ, తరవాతివాళ్ళు రండి అన్నాను. తలెత్తితే అత్తయ్య. మా ఆఫీసు గడప ఎప్పుడూ తొక్కని మనిషి. శుభ్రంగా తల దువ్వుకుని, శాలువా కప్పుకుని, అందరితో పాటు వరసలో నిలబడి వచ్చింది. గోడ మీది పెద్ద మ్యాపు చూపించింది.

"ఆ మంచు కిందికి జరుగుతుందటగా. నిజమేనా?"

"నిజమేనండీ," అన్నాను. కౌంటర్ అలవాటు, నోట్లోంచి అలాగే వచ్చేసింది.

"లోపల పడ్డవి కింద చివర బయటపడతాయటగా."

"పడతాయి."

"ఎన్నాళ్ళకి?"

ఇది యాత్రికులు కూడా అడిగే ప్రశ్నే అక్కా. నాకు జవాబు కంఠతా వచ్చు. "ఆ ఎత్తు నుంచయితే ముప్పై నలభై ఏళ్ళు పట్టొచ్చు."

ఆవిడ మ్యాపు వైపే చూస్తూ నిలబడింది. వెనక పిల్లల్నేసుకొచ్చిన ఒకాయన, "కాస్త తొందరగా కానివ్వండమ్మా," అన్నాడు. అత్తయ్య అతనికి వినపడనట్టే నా వైపు వంగింది.

"అప్పటికి నేనుండను," అంది. "నువ్వుంటావు. నువ్వయితే గుర్తుపడతావు. పైకొచ్చేసరికి ఎవరో ఒకరు మనవాళ్ళు ఉండాలిగా ఇక్కడ. అనాథలా పడి ఉండకూడదుగా."

అన్ని రోజుల తరవాత నాతో మాట్లాడింది. ఏమనమంటావు?

"ఉంటాను అత్తయ్యా," అన్నాను.

ఆవిడ తల ఊపి, వెనకాయనకి దారి ఇచ్చి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళింది. ఆయన నలుగురికి జలపాతం టికెట్లు అడిగితే ఇచ్చాను. ఇంటికెళ్ళాక ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. మాట పుచ్చుకుంది, ఇక నాతో పనేముంది?

నాకంత ధైర్యం లేదక్కా. మా ఆయన పైకి వచ్చేనాటికి నా పళ్ళూడిపోయి ఉంటాయి. మంచులో ఉన్నవాడికి వయసు పెరగదు. నా మనవడి ఈడు కుర్రాడి పక్కన కూర్చుని ఈయన నా మొగుడు అని చెప్పాలి. అప్పటివరకు బతికి ఉండాలంటేనే భయంగా ఉంది. ఉండనంటే, అన్న మాట ఎవరితో చెప్పి వెనక్కి తీసుకోను?

పిల్లలకి రైల్లోనే చెప్పెయ్. దాచకు. బాబాయి పైన క్యాంపులో లేడని, దిగి రాడని నువ్వే చెప్పు. మళ్ళీ ఇంకోసారి ఆ మాట నా నోటితో చెప్పించొద్దు, చేతులు జోడిస్తున్నాను. పెద్దది ఏడుస్తుంది, ఏడవనీ. మంచు మీదికి మాత్రం తీసుకెళ్ళొద్దు, అది ఎంత అడిగినా సరే. మిగతావన్నీ చూపించు. పిల్లలు నవ్వితే నవ్వనీ, నేను ఏమీ అనుకోను.

ఇక నీ చివరి ప్రశ్న. సీజన్ అయిపోగానే సామాను సర్దుకుని మా దగ్గరికి వచ్చెయ్, కింద గది నీ కోసం ఖాళీగా ఉంచాం, అద్దెకి అడిగినవాళ్ళని కూడా పంపించేశాం అని రాశావు. చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ గదికి పొద్దున ఎండ వస్తుందని కూడా రాశావు.

ఆ గది అద్దెకిచ్చెయ్యండి అక్కా.

ఇట్లు,
ఇక్కడే ఉండిపోయే
నీ చెల్లి