యాదగిరి నా పేరు చెప్పలేదు

కేతేపల్లి, 1961 జనవరి, శుక్రవారం

పొద్దున మంచు, తర్వాత పొడి ఎండ. ఆముదం గెలలు కోసి ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. కాళ్లు కడుక్కుని, దూరదేశాలవాళ్లతో సరదాకి మాట్లాడే నా చిన్న వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నాను. మాట కలపాలని ఏడాదిగా ఎదురుచూస్తున్న దీవి స్టేషన్ సన్నగా వినబడింది. ఓడలో అక్కడికి పోయి సెట్టు పెట్టినవాళ్లు, ఈ రాత్రికే తిరిగి బయల్దేరుతున్నామని చెబుతున్నారు.

ఎవరికి ముందు వినబడితే వాళ్లు మిగతావాళ్లకు చెప్పాలి. అది సెట్టులున్న మా దోస్తుల పద్ధతి. అందుకే నేను పిలవకముందే మహబూబ్‌నగర్ యాదగిరిని సెట్టులోనే పిలిచి, డయల్ మీద ఆ దీవి వినబడే జాగా చెప్పాను. వాడి సెట్టు పెద్దది. ఒక్క పిలుపుకే దీవి పలికింది. అప్పుడు వాడు, నల్లగొండ దిక్కు నుంచి చిన్న సెట్టుతో ఒకాయన పిలుస్తున్నాడు, జర వినండని చెప్పాలి. చెప్పలేదు. తన గొంతు ఎట్లా వస్తోందని రెండుసార్లు అడిగాడు. అక్కడి ఎండ సంగతి కూడా అడిగాడు. వాడు వదిలాక నేను గొంతు పోయేదాకా పిలిచాను. వాళ్లకు అందలేదు.

తర్వాత వాడే నన్ను పిలిచాడు, నవ్వుకుంట.

"దొరికిండ్రా అన్నా?"

"నా పేరు చెప్పనీకి నీకు నోరు రాలేదురా?"

"అరె, యాదిమర్చిన. గింతదానికి గుస్సా ఎందుకే?"

సెట్టు ఆపేశాను. వంటింట్లోంచి నా భార్య ఈశ్వరమ్మ, "ఇగ వానికి చెప్పకు, నీకే దొరుకుతది" అంది.

చెప్పకుండా ఉండాలంటే రేపటి నుంచి నేనూ వాడిలాగే కావాలి... తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

చీకటి పడుతుండగా మళ్లీ సెట్టు పెట్టి విన్నాను. దీవి వాళ్లు అందరికీ సెలవు చెప్పి, స్టేషన్ ఎత్తేసి, వెళ్లిపోయారు.