ఫోన్ తెరిచిన కళ్ళు

అక్కా,

ఇది నువ్వు చదవవని తెలుసు. అయినా నీకు కాక ఇంకెవరికి చెప్పేది?

రేపటికి నువ్వు పోయి సంవత్సరం అయితాది. నీ కూతురు చిన్ని బెంగళూరులో, మడివాళలో నా దగ్గరే ఉండాది. "అమ్మది ఒక పేజీ చేద్దాం చిన్నమ్మా" అని పట్టుబట్టింది. ఫోన్లోనే ఫోటో పెట్టి, చుట్టూ పూలు, రిబ్బన్లు అతికించి డిజిటల్ స్క్రాప్‌బుక్ చేస్తారు కదా, అది. కె.ఆర్.పురం స్టేషన్ బయట నువ్వు చిన్నిని ఎత్తుకొని నిలబడిన ఫోటో తీసుకున్నాం. ఫోటో అంటే చాలు కళ్ళు మూసేదానివి. నీవి ఉన్నవే నాలుగు ఫోటోలు, ఇదీ అందులో ఒకటే, అన్నిట్లోనూ అంతే.

వెలుతురు పెంచినాను. వెనకాల ఆటోలను తుడిచేసినాను. అంతవరకూ బాగానే ఉండింది. అప్పుడు ఫోన్ "కళ్ళు తెరవాలా?" అని అడిగింది. నేను వద్దనేలోపే చిన్ని నొక్కేసింది.

నువ్వు మమ్మల్ని చూసినావు అక్కా. పెద్ద కళ్ళు, తళతళా మెరుస్తా ఉండాయి. నీవి కావు.

"చిన్నమ్మా, అమ్మ నన్నే చూస్తా ఉండాది" అని చిన్ని ఫోన్‌కి ముద్దు పెట్టింది.

"తీసేద్దాం బంగారూ, అవి అమ్మ కళ్ళు కావు."

"మరి అమ్మ కళ్ళు ఎట్లుంటాయి?"

చెప్దామని కళ్ళు మూసుకొని నిన్ను తలుచుకున్నాను. ఫోన్లోని ఆ కళ్ళే కనిపించినాయి.

అప్పటినుంచి కళ్ళు మూసుకోవాలంటే భయంగా ఉండాది అక్కా.