ఆయనకి వినబడే గొంతు

మార్చి 3, సోమవారం

మా ఆయన ఈ రోజు కూడా రోజారమణి గారి ఆఫీసుకే. ఆఫీసంటే పెద్దదేం కాదు, మెయిన్ రోడ్డులో జెరాక్స్ షాపు మీద ఒక గది. ఆవిడ భర్త మిలటరీలో ఉండగానే పోయాడట. తన ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరిగి తిరిగి రూల్సన్నీ నేర్చుకుంది. ఇప్పుడు నర్సీపట్నం చుట్టుపక్కల మాజీ సైనికులకి పైసా పుచ్చుకోకుండా కాగితాలు చేసి పెడుతుంది. మంచిదే, ఎవరు కాదన్నారు.

కళ్ళజోడు మర్చిపోయారని వంక పెట్టుకుని నేనూ వెళ్ళాను. మెట్లెక్కుతుంటేనే ఆయన నవ్వు వినబడింది. మా ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆవిడ ఏదో అడుగుతోంది, ఈయన టకటకా చెప్పేస్తున్నారు. మంచు, ఫిరంగులు, ఎవరో సర్దార్జీ చేసిన అల్లరి. నాకు ఇవేవీ ఒక్క ముక్క చెప్పలేదు. ఇంట్లో నేను మూడుసార్లు పిలిచినా గోడకేసి చూస్తారు.

ఆవిడది మగగొంతు. బొంగురు. అందంలో నా కాలిగోటికి సరిపోదు. రాసేశాను, అంతే.

మార్చి 6

అన్నం వడ్డిస్తూ మాట్లాడుతుంటే టీవీ సౌండు పెంచారు.

మార్చి 11, మంగళవారం

ఆయనకి చెవుడున్న మాట నిజమే. దానివల్లే సర్వీసు పూర్తి కాకుండా ఇంటికి పంపేశారు. కానీ అది ఫిరంగుల మోత వల్ల వచ్చింది కాదు, చిన్నప్పటిదే అని మిలటరీ మెడికల్ బోర్డు డాక్టర్లు రాసేశారు. అందుకే డిజేబిలిటీ పెన్షన్ రాలేదు. ఎందుకలా రాశారంటే, ఈ మహానుభావుడే చెప్పారట! చిన్నప్పుడు చెవిలో చీము కారేదా అని అడిగితే, కారేది సార్, మా అమ్మ వెల్లుల్లి నూనె పోసేది అన్నారట. మా ఊళ్ళల్లో చిన్నప్పుడు చీము కారని చెవి ఎవరిదండీ? అబద్ధం ఆడటం చేతకాదు ఈ మనిషికి.

జీడిపిక్కల ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని కూడా పోయింది, ఫోను మోగుతుంటే ఎత్తడం లేదని. పెన్షన్ కోసం రోజారమణి వేయించిన ఈ అప్పీలు కూడా పోతే ఇంటికి నా కుట్టుమిషనే దిక్కు.

ఈ చీము కథంతా నాకు చెప్పింది ఆయన కాదు, రోజారమణి. నా మొగుడి సంగతులు నాకు ఆవిడ చెప్పాలా? కుళ్ళుతో చచ్చిపోతున్నాను.

మార్చి 14, శుక్రవారం

ఆవిడ జాకెట్టు కుట్టమని గుడ్డ ఇచ్చింది. చంకల దగ్గర కావాలనే బిగించాను. చెయ్యెత్తితే తెలుస్తుంది.

వచ్చే వారం వైజాగ్‌లో చెవి పరీక్షంట. నువ్వూ రావాల ఈశ్వరీ, ఇంట్లో ఆయన ఎలాగుంటాడో డాక్టరు నిన్నే అడుగుతాడు అంది. ఆవిడకి తెలియనిది కూడా ఒకటుందన్నమాట. వస్తానన్నాను.

మార్చి 20, గురువారం. బస్సులో

రాత వంకర పోతోంది. బస్సు కుదుపు కూడా.

ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించి చాలాసేపు పరీక్ష చేశారు. తర్వాత డాక్టరు నన్ను పిలిచి ఇంట్లో ఎలా ఉంటారమ్మా అని అడిగాడు. పక్కన ఆవిడ ఫైలు పట్టుకుని కూర్చుంది, అచ్చం తనే పెళ్ళాంలా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయనకి అన్నీ వినబడతాయండీ, ఈవిడ మాటైతే మరీ బాగా వినబడుద్ది, నా మాటే వినబడదు అనేశాను.

రోజారమణి ముఖం పాలిపోయింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నా నోటితో నేనే కేసు ముంచేశాను. మొగుడి చెవుడు నాటకమని పెళ్ళామే డాక్టరుకి చెప్పింది!

డాక్టరు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. మా ఇద్దరినీ ఆయన వెనకాల నిలబెట్టాడు. నన్ను పిలవమన్నాడు. ఏవండీ అన్నాను. మళ్ళీ అన్నాను. వీపు కదల్లేదు. రోజారమణిని పిలవమన్నాడు. నాగేంద్ర గారూ అంది ఆ బొంగురు గొంతుతో. వెంటనే తిరిగారు.

కంప్యూటర్లో గీత చూపించాడు. ముందు బాగానే ఉండి, ఆఖర్న ఒక్కసారిగా కిందికి పడిపోయింది. లావు శబ్దాలు వినబడుతున్నాయి, సన్నవి పోయాయి. చీము వల్ల పోతే ఇలా ఉండదు, ఇది ఫిరంగుల మోతకి పోయిన చెవి, అన్నాడు. మీ గొంతు సన్నమమ్మా, పోయిన శబ్దాల్లో అదీ ఉంది, అన్నాడు. నేనన్న మాట కూడా రిపోర్టులో రాసుకున్నాడు.

రోజారమణి నా చెయ్యి పట్టుకుని, కేసు నిలబెట్టీసావే తల్లీ అంది. సంతోషించాలి కదా. బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళ పంపు తిప్పి ఏడ్చాను. పెళ్ళయిన కొత్తలో బోర్డర్ నుంచి ఫోను చేసి, ఏటైనా సెప్పవే, ఊరికే నీ గొంతు వింటాను అని బతిమాలేవారు. లోకంలో ఇన్ని గొంతులుంటే నాదే పోవాలా?

ఇప్పుడు నా పక్క సీట్లో నిద్రపోతున్నారు.

మార్చి 21

ఆవిడ మీద కుళ్ళు పోలేదు. ఇంకా పెరిగింది. ఆవిడ ఏదైనా తప్పు చేసుంటే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. గొంతునేమని అడగను?

జాకెట్టు చంకలు విప్పి వదులు చేశాను.

నవంబర్ 4, మంగళవారం

అప్పీలు నెగ్గింది! చెవుడు సర్వీసు వల్లే అని ఒప్పుకున్నారు. పెన్షన్ వస్తుంది, చెవి మిషను కూడా వాళ్ళే ఇస్తారట.

రోజారమణి స్వీట్లు తెచ్చింది. ఆయన రెండు చేతులూ జోడించి ఆవిడ ముందు భోరున ఏడ్చారు. నా ముందు ఎప్పుడూ ఏడవలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. పంచదార వెయ్యడం మర్చిపోయాను. ఆవిడ చివరి చుక్క దాకా తాగేసింది.

నవంబర్ 20

మిషను పెట్టించుకుని వచ్చారు. వంటింట్లోంచి ఏవండీ అని పిలిచాను.

లేచి వచ్చారు. వీధిలో ఎవరో ఆడమనిషి పిలుస్తుంది, బేగెల్లి సూడు అన్నారు.

వెళ్ళి చూసి వచ్చాను.