బుద్రి ఫోటో కింద

మంగళవారం, అరకు.

సూపర్‌వైజర్ పోస్టు నీకు రాలేదని ఈరోజు బుద్రికి చెప్పేశాను. డిగ్రీ లేదట. పార్వతీపురం నుంచి ఎవరో కుర్రాడు వస్తున్నాడు. పన్నెండేళ్లుగా మా కాఫీ షెడ్డులో గింజ కొరికి చూసి, సరిగ్గా ఎండిందో లేదో తేల్చేది బుద్రే.

"మరి ఆడికి పనెవులు నేర్పుతారు మేడం?" అంది.

"నువ్వే," అన్నాను. గింజలు ఏరే ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు.

మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి ఫోను. కంపెనీ చేసే సామాజిక సేవ గురించి వేసే సీఎస్సార్ రిపోర్టులో మహిళా ప్రగతి పేజీకి బుద్రి ఫోటో కావాలట, సూపర్‌వైజర్ టోపీతో.

"తీసీ మేడం బేగి. నాకోసం నువ్వు మాట పడతావేటి?" అంటూ టోపీ పెట్టుకుంది.

నా ప్రమోషన్ కూడా వాళ్ల చేతిలోనే ఉంది. కుదరదని రాసి, చెరిపేసి, ఫోటో పంపాను. ఫోటో కింద ఆమె హోదా ఏమని వేయాలో చెప్పమంటున్నారు. ఇంకా జవాబు రాయలేదు.