ఎడమ చేతి తప్పు

ప్రియమైన నాన్నకి,

ఉత్తరం అందింది. ఎడమ చేత్తో రాశావని కవరు చూడగానే తెలిసింది. అక్షరాలన్నీ గాలికి వంగిన గడ్డిలా ఉన్నాయి.

సైకిల్ మీంచి పడ్డప్పుడు విరిగిన మణికట్టు అతికిందనీ, కట్టు విప్పినా కుడిచేతి వేళ్లు మాత్రం కదలడం లేదనీ రాశావు. ప్రెస్సులో అక్షరాలు కూర్చడానికి నీ చోట వేరే కంపోజిటర్ని చూసుకోమని యజమానికి చెప్పేశానని, ఎండల సంగతి రాసినట్టు చివర్లో రాశావు. ఆ వాక్యం చదివాక లైబ్రరీలో ఎవరో ఒక పుస్తకం అడిగితే ఇంకొకటి ఇచ్చాను.

చేతికి చేయిస్తున్నారని రాశావే, ఆ అద్దం వైద్యం ఏమిటి? వివరంగా రాయి.

నీ పుస్తకాల పురుగు

* * *

చిట్టితల్లీ,

ఆసుపత్రిలో బల్ల మీద అద్దం నిలబెడతారు. కుడి చెయ్యి దాని వెనక దాచాలి. ఎడమ చెయ్యి ముందుపెట్టి ఆడిస్తూ అద్దంలోకి చూడాలి. అందులో అది కుడి చెయ్యిలా కనిపిస్తుంది. కుడి చెయ్యి బాగానే కదులుతోందని మెదడు నమ్మితే, నిజం చేతికీ దారి దొరుకుతుందట. పక్క బల్ల దగ్గరి బస్సు డ్రైవరుకి అప్పుడే బొటనవేలు కదిలింది.

నా మెదడు నమ్మడం లేదు. ఇన్నేళ్లూ అచ్చు కోసం తిరగేసి పోసిన సీసపు అక్షరాలను తిరగేసే చదివానా, అద్దం కనబడగానే కన్ను ఆ ప్రతిబింబాన్ని తిప్పేసి, అది ఎడమదేనని చెప్పేస్తోంది. ఈ మాట చెబితే డాక్టరమ్మ, "ముందు మీ కంటికి వైద్యం చెయ్యాలి బాబాయ్," అంది. మంచి పిల్ల. కానీ ఎన్నాళ్లని తిరగను? మానేద్దామనుకుంటున్నాను.

మీ నాన్న

* * *

నాన్నా,

మానకు. ఉత్త చెయ్యి చూపిస్తే నీ కన్ను చేతినే చూస్తుంది. పని చూపించు. కొన్ని అక్షరాలు తీసుకెళ్లి, అద్దం ముందు ఎడమ చేత్తో కూర్చు. అద్దంలో అవి అచ్చయిన కాగితంలా సరిగ్గా కనిపిస్తాయి కదా. చదవడంలో పడితే చెయ్యి సంగతి మరిచిపోతావేమో.

డాక్టరమ్మను అడుగు. నవ్వితే నవ్వనీ. నేనైతే అడగలేను.

నీ పురుగు

* * *

నాన్నా,

జవాబు లేదు. పెద్ద తెలిసినదానిలా సలహా ఇచ్చి నిన్ను నవ్వులపాలు చేశానా? మానేసి ఉంటే ఆ మాటే రాయి, ఏమీ అనను. సెలవు పెట్టి రానా?

నీ కూతురు

* * *

చిట్టితల్లీ,

రావద్దు. చేతికి తీరిక లేక రాయలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. అక్షరాలను కడిగి తెచ్చారా అని మాత్రం అడిగింది. 'పాత పుస్తకాలు కొనబడును' అని ఎడమ చేత్తో కూర్చి, అద్దంలోకి చూశాను. 'వాత పుస్తకాలు' అని ఉంది. నా జన్మలో 'పా' బదులు 'వా' పెట్టి ఎరగను. ప్రాణం చివుక్కుమంది. ఆ అక్షరాన్ని పీకెయ్యాలని అద్దం వెనక నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకొచ్చాయి. నాకు తెలియనే లేదు. అటువైపు కూర్చున్న డాక్టరమ్మ చూసింది.

"బాబాయ్, కదలకండి," అంది. వెంటనే, "కాదు కాదు, కదలండి," అంది.

ఎడమ చెయ్యి చేసిన తప్పుకి కుడి చేతికి రోషం వచ్చిందమ్మా.

డాక్టరమ్మ ఆ తప్పును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నా కుడి చెయ్యే దిద్దాలంది. రోజూ వెళ్లి దాని ముందు కూర్చున్నాను. నిన్న దిద్దాను. అక్షరం జారి బల్ల కింద పడితే డ్రైవరు వంగి తీసిచ్చాడు. వాతలు పెట్టడం ఇక ఆపమన్నాడు.

మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. సాయంత్రానికి వేళ్లు వాస్తాయి. అయినా ప్రెస్సుకి వెళ్లి, వేరే మనిషిని చూడొద్దని చెప్పాను. యజమాని అసలు వెతకనే లేదట.

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. నమ్మానని ఎవరన్నారు?" అన్నాడు.

మీ నాన్న