నా కంటి బొమ్మ కింద ఇంకొకామె పేరు

జూన్ 9, సోమవారం. కోవిల్‌పట్టి.
కుడి కన్ను ఆపరేషనై ఆరు రోజులు. డాక్టరు రాయవద్దన్నారు. రాయకపోతే తారీఖులు తప్పుతాయి, అందుకే రాస్తున్నాను. విరుదునగర్ ఆసుపత్రివాళ్లు తీసి కాగితం మీద అచ్చువేసి ఇచ్చిన నా కంటి బొమ్మ ఇవాళ భూతద్దం పెట్టి చూశాను. అడుగున రెండు వేళ్ల వెడల్పు పట్టీ. బొమ్మ కాదు, అక్షరాలు. ముత్తులక్ష్మి, ఒట్టపిడారం, ఎడమ కన్ను, ఆపరేషన్ తేదీ జూన్ 19. తరువాత లెన్సు నంబరు... సగమే.
ఆ బొమ్మలు పట్టే పెట్టెకు ప్రోగ్రాం రాసింది మా మనవరాలు రేవతి. వీధంతా చెప్పుకున్నాను.

జూన్ 10.
రేవతికి ఫోన్. "ప్రింటరు తప్పు అవ్వా."
ప్రింటరుకు ముత్తులక్ష్మి ఎట్లా తెలుసే అన్నాను. నవ్వింది. తరువాత నవ్వలేదు.

జూన్ 12.
కంటి చుక్కలు నాలుగుసార్లు. అలసట. వేరే ఏమీ లేదు.

జూన్ 14, శనివారం.
రేవతి వచ్చింది. అన్నం కలుపుతూనే ఉంది, తినదు. ఆ పెట్టెలోని వీడియో కార్డు ఎవరినీ అడగకుండా బొమ్మను నేరుగా మెమరీలో పెడుతుందట. ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది డ్రైవర్ చెప్పాలి, అంటే ఈమె రాసిన ప్రోగ్రాం. హద్దు దాటితే ఆపడానికి వేరే కాపలా ఉంటుంది. ఆసుపత్రివాళ్లకు చూపించే డెమో రోజు బొమ్మ ఆగి ఆగి వస్తోందని కాపలా తీసేసింది. మళ్లీ పెట్టలేదు. తాను రాసిన హద్దు కొలతా తప్పే. నా బొమ్మ పోయి మెమరీలో ముత్తులక్ష్మి కాగితం ఉన్నచోట కూర్చుని, లెన్సు నంబరు సగం చెరిపింది; మిగిలింది నా బొమ్మ అడుగున అచ్చయింది.
"ఇంకా ఉండాది అవ్వా. ఎవరైనా దానికి వేరే కార్డు తగిలిస్తే మెషీన్లో ఉండేదంతా చదవచ్చు, మార్చచ్చు."
"ఆసుపత్రిలో చెప్తివా?"
"మెషీను తనిఖీ అయినాక చూద్దామంటాడు మా మేనేజరు. నా పేరే ఉండాది దాంట్లో. పని పోతుంది."
"ఆ ముత్తులక్ష్మికి తప్పు లెన్సు పెడితే?"
"నువ్వు జన్మలో తప్పు చెయ్యలే. నీకేం, మాట్లాడతావు."


జూన్ 15.
నేను పనిచేసిన అగ్గిపెట్టెల కంపెనీలో రిజిస్టరు రాసే పని నాది. పుల్లల మందు కలిపే గది తలుపు ఎప్పుడూ మూసి ఉండాలి, లోపలికి పోయేవాళ్ల పేరు రాయాలి. ఒకసారి లోడు తొందర. తలుపు మూసుకోకుండా ఇటుక పెట్టించింది నేనే. మూడు రోజులు. ఏమీ కాలేదు. "తలుపు మూసి ఉంది" అని మూడుసార్లు రాశాను, నా దస్తూరీతో.
ఇవాళ రేవతికి చెప్పాను.
"నువ్వా అవ్వా?"
సంచి తీసుకుని బస్సెక్కింది. ఆసుపత్రికి చెప్తాననలేదు. చెప్పననీ అనలేదు.

జూన్ 16, సోమవారం.
రేవతి ఫోన్ ఎత్తడం లేదు. జరగవలసినవి—
1. రేపు పది గంటలలోపు రేవతి తన చేత్తో జరిగిందంతా ఆసుపత్రికి రాసివ్వాలి.
2. ఇవ్వకపోతే పదిన్నర బస్సుకు నేను పోవాలి. బొమ్మ సంచిలో పెట్టాను.
3. గురువారం, 19న, ఆపరేషన్‌లోపు ముత్తులక్ష్మి కన్ను మళ్లీ కొలవాలి.
4. కాపలా పెట్టేదాకా ఆ పెట్టె వాడకూడదు.
5. ప్రోగ్రాం ఎవరు రాశారని డాక్టరు అడుగుతారు. నేను రేవతి పేరు...